పొగమంచం మీద కొండ

"ఆగు, ఆగు! ఏమన్నావ్? మళ్ళీ అను!"

పాట ఆగింది. కీబోర్డు మీద టీచర్ వేళ్ళు కూడా ఆగాయి.

భోజనాల బెల్లు అయిపోయి చాలాసేపయింది. పాటల గదిలో ఎండ కిటికీలోంచి పక్కకి వాలి నేల మీద పడుకుంది. ఆ ఎండలో నిలబడి పింజ పాడుతోంది. రెండో లైను ఇంకా నోట్లో ఉండగానే వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు. పెద్ద కళ్ళజోడు పెట్టుకుంటాడని క్లాసంతా వాణ్ణి కళ్ళజోడు అనే పిలుస్తుంది.

"డొగుడు అన్నావు కదూ? డొగుడేంటి? గొడుగు కదా!"

గది గొల్లుమంది.

"డొగుడంట, డొగుడు!"

"ఒరేయ్, వానొచ్చేలా ఉంది, నా డొగుడు ఏదిరా?"

ముందు వరసలో ఒకమ్మాయి మాత్రం నవ్వలేదు. "మీ నానమ్మకి మాటలు సరిగ్గా రావా?" అని అడిగింది. వెటకారంగా కాదు, నిజంగానే అడిగింది. నవ్వుల కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

పింజ మొహం కందగడ్డయింది.

"నోళ్ళు మూస్తారా, బయటికి పంపనా?" అని టీచర్ కసిరింది. తర్వాత పింజ వైపు తిరిగి, "మిగతాది పాడమ్మా," అంది.

"ఇంకా సరిగ్గా రాలేదు టీచర్. నేర్చుకుని పాడతాను," అని పింజ గబగబా వెళ్ళి కూర్చుంది.

వచ్చే నెలలో స్కూల్లో పెద్దవాళ్ళ దినం. తాతయ్య దగ్గరో, అమ్మమ్మ దగ్గరో, నానమ్మ దగ్గరో నేర్చుకున్నదేదైనా పిల్లలు స్టేజీ మీద చూపించాలి. ఒకడు తాతయ్యలా చెక్కతో పడవ చేస్తానన్నాడు. ఇంకొకమ్మాయి అల్లిక అంది. పింజ నానమ్మ పాట పాడతానంది.

నానమ్మ ఇప్పుడు లేదు. మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం, "కాస్త నడుం వాలుస్తా," అని పడుకుంది. మళ్ళీ లేవలేదు.

*

పింజ వాళ్ళది పరుపుల కొట్టు. వీధి వైపు కొట్టు, లోపల ఇల్లు. మధ్యలో తలుపు ఉంది గానీ, దూదికి తలుపులొక లెక్కా? నాన్న మిషన్ ఆన్ చేస్తే చాలు, గట్టి ఉండల్లా ఉన్న దూది మబ్బులా పొంగుతుంది. సన్నటి నూగు లేచి ఇల్లంతా తిరుగుతుంది. పుస్తకాల మీద, నీళ్ళ బిందె మూత మీద, అమ్మ జడలో, ఎక్కడ చూసినా అదే. ఎండ పడినప్పుడు చూస్తే గాలి నిద్రలో నడుస్తున్నట్టు ఉంటుంది.

పుట్టినప్పుడు పింజ బొత్తిగా ఇంతే ఉందట. నానమ్మ రెండు చేతుల్లోకి తీసుకుని, "ఇది పిల్లేంటే, దూదిపింజ!" అందట. రిజిస్టర్లో ఏ పేరు రాసి ఉన్నా, ఆ రోజు నుంచి అందరికీ పింజే.

దిండ్లు కుట్టడంలో నానమ్మ చేతికి తిరుగు లేదు. దిండు నలుపలకలుగానే ఉండాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదు. రాత్రంతా కాపలా కాసి పగలు పడుకునే వాచ్‌మన్‌కి నల్లగుడ్డ మీద పసుపు చుక్కలు కుట్టిన దిండు ఇచ్చింది. "పగలు పడుకునేవాడికి రాత్రిని మనమే ఇవ్వాలి కదా," అంది. ఒకే మంచం మీద కొట్టుకు చచ్చే కవల పిల్లలకి, మధ్యలో కాలువలా పల్లం ఉన్న పొడుగు దిండు కుట్టింది. "ఇటు నీది, అటు వాడిది. కాలువ దాటినవాడు నీళ్ళలో పడ్డట్టే!" అని బెదిరించి పంపింది.

పొద్దున్నే షట్టర్ ఎత్తే ముందు నానమ్మ దాని మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేది.

"దేవుడా, ఈ ఊళ్ళో ఎవరికి నిద్ర కరువైందో వాళ్ళని నా దగ్గరికి పంపు. నా చేతిలో ఉన్నంత నేను చేస్తాను. మిగతాది నీ పని."

రోజూ అదే మాట. జ్వరం వచ్చినా తప్పలేదు, వీధంతా నీళ్ళు నిలిచిన రోజునా తప్పలేదు.

తప్పనిది ఇంకోటి కూడా ఉంది. దిండులో దూది కూరాక, ఆఖరి వైపు కుట్టే ముందు, తెరిచి ఉన్న ఆ మూతి దగ్గర నోరు పెట్టి నానమ్మ పాట పాడేది. చెవిలో రహస్యం చెప్పినంత మెల్లగా పాడేది. పాట లోపలికి వెళ్ళాకే సూది అందుకుని మూతి కుట్టేసేది.

ఒకసారి ఒకాయన కారు హారన్ మోత మోగిస్తూ, "ఏమ్మా, దిండు కొనడానికి వచ్చానా, కచేరీకి వచ్చానా?" అని అరిచాడు.

"పాట పడకపోతే అది సంచీ అవుతుంది బాబూ, దిండు కాదు. సంచీయే కావాలంటే పక్క కొట్లో దొరుకుతుంది," అంది నానమ్మ తలెత్తకుండానే.

ఆయన హారన్ మీంచి చెయ్యి తీసేశాడు.

సెలవు రోజుల్లో మధ్యాహ్నం పింజ, తమ్ముడు దూది కుప్ప మీద నానమ్మ పక్కన చేరేవాళ్ళు. దిండు కోసం మొదలైన పాట మెల్లగా వీళ్ళ మీదికి జారేది. నూగు తేలుతూ ఉండేది. కళ్ళు బరువెక్కేవి. ఆ పాట ఎక్కడ అయిపోయేదో పింజకి ఎప్పుడూ తెలీదు. అది అయ్యేలోగా నిద్ర వచ్చేసేది.

*

ఆ సాయంత్రం స్కూలు నుంచి వచ్చి పింజ దూది కుప్ప మీద బోర్లా పడుకుంది. "మీ నానమ్మకి మాటలు సరిగ్గా రావా?" అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

నానమ్మ బడికి వెళ్ళలేదు. అది అందరికీ తెలుసు. అందుకే పాటలో ఈ తప్పులు. ఆ పాట అలాగే పాడితే స్కూలంతా నానమ్మని చూసి నవ్వుతుంది. నవ్వడానికి వీల్లేదు. పింజ ఉండగా వీల్లేదు.

దిద్దేస్తే సరి!

ముందు డొగుడుని గొడుగు చేసింది. అలా చేశాక పక్కనున్న 'కునికేను' కూడా బాగోలేదనిపించింది. అదీ తీసేసింది. మూడో లైనులో ఇంకో తప్పు, నాలుగో దాంట్లో ఇంకోటి. దిద్దుతూ దిద్దుతూ పోయేసరికి ఏ లైనూ పాత చోట నిలవలేదు. ఆఖరికి పుస్తకంలో చదివిన మంచి మంచి మాటలు తెచ్చి వరసగా పేర్చింది.

నీలి మబ్బులు నింగిని తేలె, నిదురించు పాపా నిదురించు
చల్లని గాలులు చామరం వీచె, నిదురించు పాపా నిదురించు

తనే రాసిందంటే తనకే నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు టీచర్ విని, "అబ్బో! మీ నానమ్మ కవయిత్రి అన్నమాట!" అంది. పింజ నవ్వి ఊరుకుంది. నానమ్మ గెలిచినట్టే అనిపించింది.

పాట పెద్దదైపోయింది. కీబోర్డు తోడైంది. క్లాసంతా కోరస్ పట్టింది. రోజూ భోజనాలయ్యాక ప్రాక్టీసు. కళ్ళజోడు కూడా నోరు పెద్దగా తెరిచి "నిదురించు పాపా" అని అరిచేవాడు. ఆ అరుపుకి నిద్రపోయే పాప కూడా లేచి కూర్చుంటుందని టీచర్ వాణ్ణి చివరి వరసకి పంపింది.

*

తమ్ముడికి టీకా వేయించిన రోజది. వాడికి మూడేళ్ళు. చెయ్యి వాచి, ఒళ్ళు వెచ్చబడి, పొద్దుట్నుంచీ నస పెడుతున్నాడు. అమ్మ వాణ్ణి ఎత్తుకుని తిప్పింది. నాన్న భుజమ్మీద వేసుకుని కొట్టంతా చూపించాడు. వాడు నిద్రపోతే ఒట్టు.

"పాట," అన్నాడు ముక్కు చీదుతూ. "నానమ్మ పాట."

"నేను పాడతానుండు," అంటూ పింజ వాణ్ణి దూది మీద పడుకోబెట్టి జోకొట్టింది. స్టేజీ మీద పాడబోయేదే కదా, గొంతు సవరించుకుని మరీ మొదలుపెట్టింది. "నీలి మబ్బులు నింగిని తేలె..."

తమ్ముడు కాసేపు విన్నాడు. తర్వాత చెయ్యి ఎత్తి పింజ నోరు మూసేశాడు.

"ఇది కాదు."

"ఇదేరా. ఇది ఇంకా బాగుంటుంది, విను."

"ఇది కాదు! నానమ్మది!"

"సరేలే, అదే పాడతాను. ఏడవకు."

పింజ నోరు తెరిచింది. నీలి మబ్బులే వచ్చాయి. నోరు మూసి, కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచింది. చల్లని గాలులు వచ్చాయి. మొదటి లైను మాత్రం ఎలాగో గింజుకుంటే దొరికింది. 'మబ్బులు వచ్చి దూది ఏకేను, పడుకో బుజ్జీ పడుకో.' రెండో దాంట్లో అందరూ నవ్విన డొగుడు మిగిలింది, దాని వెనకాల ఏమీ లేదు. ఆ తర్వాత అంతా తెల్లగా ఉంది. తెల్లటి గదిలో తెల్లటి దూదిపింజ కోసం వెతికినట్టు ఉంది.

నెల రోజులుగా రోజూ గట్టిగా పాడిన పాట, ఎప్పుడూ గుసగుసగా మాత్రమే విన్న పాట మీద కూర్చుంది. లేవమంటే లేవడం లేదు.

తమ్ముడు ఏడ్చి ఏడ్చి, వెక్కుతూ వెక్కుతూ, పాట లేకుండానే నిద్రపోయాడు. వాడి బుగ్గ మీద తడికి నూగు అంటుకుంది. పింజ దాన్ని తీయలేదు. చెయ్యి కదపడానికి కూడా భయమేసింది. నానమ్మ వెళ్ళిపోయిన రోజు పింజ చాలా ఏడ్చింది, కానీ పాట ఉందిలే అనుకుంది. ఇప్పుడు పాట కూడా పోయింది. అది దానంతటది పోలేదు. పింజే చెరిపేసింది.

*

"నాన్నా, నానమ్మ పాట నీకు వచ్చా?"

నాన్న మిషన్ ఆపాడు. తల మీద, మీసం మీద దూది. ఎప్పుడు చూసినా ముసలాడి వేషం వేసినట్టే ఉంటాడు.

"ఎందుకు రాదు? అయినా ఫోన్లో వీడియో ఉందిగా."

ఇద్దరూ ఫోన్ మీద తలలు ఆనించి చూశారు. వీడియోలో నానమ్మ దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూతి దగ్గర నోరు పెట్టింది. పెదాలు మెల్లగా కదులుతున్నాయి. కానీ వినిపిస్తున్నది మిషన్ మోత. మొదట్నుంచి చివరిదాకా గర్రుమని అదే. దూది రాలుతూనే ఉంది. అద్దం అవతల్నుంచి మాట్లాడుతున్నట్టు నానమ్మ పాడుతూనే ఉంది.

"మిషన్ ఆపి వీడియో తియ్యాలని నాకెందుకు తట్టలేదో," అన్నాడు నాన్న.

"నీకు గుర్తున్నంత పాడు నాన్నా. డొగుడు తర్వాత ఏంటి?"

నాన్న మొహం ఒక్కసారిగా విప్పారింది. "డొగుడా? అది నాదే!"

"నీదేంటి?"

"చిన్నప్పుడు నాకు గొడుగు అనడం వచ్చేది కాదట. డొగుడు అనేవాణ్ణి. వీధిలో పిల్లలు ఏడిపిస్తే మీ నానమ్మ నన్ను దిద్దలేదు. అందరి ముందూ తనూ డొగుడు అనడం మొదలుపెట్టింది. నా డొగుడు ఏదిరా, డొగుడు తీసుకురారా అని! ఇంక ఎవడు నవ్వుతాడు? పెద్దయ్యాక నేను మానేశాను. ఆవిడ మాత్రం పాటలో పెట్టి దాచేసింది." నాన్న గొంతు తగ్గించి పాడాడు. "డొగుడు కింద చినుకు కునికేను, పడుకో బుజ్జీ పడుకో..."

పింజకి అప్పుడు గుర్తొచ్చింది. వానొస్తే నానమ్మ గుమ్మంలోంచి కేకేసేది: "గొడుగు పట్టుకెళ్ళవే!" గొడుగు అనే అనేది. చక్కగా, స్పష్టంగా.

అంటే తను కొట్టేసింది నానమ్మ తప్పుని కాదు. చిన్నప్పటి నాన్నని.

"తర్వాత?" అంది పింజ.

"తర్వాతేముంది, నిద్ర! నేనెప్పుడూ డొగుడు దాటలేదు. మీ అత్తని అడుగు. అది గట్టి పిండం."

*

నాన్న చెల్లెలు, పింజ వాళ్ళ అత్త, వేరే ఊళ్ళో నర్సు. ఫోన్ ఎత్తుతూనే, "ఎవరూ, పింజా? డ్యూటీ ఎక్కబోతున్నానే, గబగబా చెప్పు," అంది.

పింజ గబగబా చెప్పలేకపోయింది. ముక్కలు ముక్కలుగా చెప్పింది. నవ్వారని, దిద్దానని, పోయిందని. అవతల ఏదో తలుపు మూసిన చప్పుడైంది. ఫోన్ కట్టయిందేమో అనుకుంది.

"అత్తా?"

"ఉన్నానే. మీ నాన్న డొగుడు దగ్గరే పడిపోయి ఉంటాడు, మొద్దు నిద్ర మొహం. నేను ఇంకో లైను దాకా ఉండేదాన్ని. మూడోది నాది."

"నీది కూడా ఉందా!"

"పొగమంచం!" అని అత్త పకపకా నవ్వింది. "పొగమంచు అంటే నాకు తెలీదే. పొగతో చేసిన మంచం అనుకున్నాను. తెల్లారుతుంటే కొండ దాని మీద పడుకుని కనిపించేది. నాకూ అలాంటి మంచం కావాలని ఒకటే గోల! మా అమ్మ నన్ను చంకనేసుకుని కిటికీ దగ్గర నిలబడి కట్టిన లైను అది. విను."

అత్త పాడింది. ఆస్పత్రిలో ఎక్కడో ట్రాలీ చక్రాలు కిర్రుమంటున్నాయి. ఆ చప్పుడు మీదుగా అత్త గొంతు సన్నగా, నానమ్మ గొంతులా వచ్చింది.

"పొగమంచం మీద కొండ వాలేను, పడుకో బుజ్జీ పడుకో..."

పింజ కళ్ళ ముందు కొండ మెల్లగా ఒక పక్కకి ఒత్తిగిలి కాళ్ళు ముడుచుకుంది. తను దీన్ని కూడా 'పొగమంచు' అని దిద్దింది కదా. మంచు మీద ఎవరైనా ఎలా పడుకుంటారు?

"నాలుగోది, అత్తా?"

"నాకు తెలీదమ్మా. నేనక్కడికి పడిపోయేదాన్ని." అత్త ముక్కు ఎగబీల్చింది. "ఉండు, వార్డులో పిలుస్తున్నారు." అంది గానీ వెంటనే ఫోన్ పెట్టలేదు. "రేయ్ పింజా. నాలుగోది దొరికితే నాకూ చెప్పు."

అమ్మని అడిగింది. కుట్టుమిషన్ మీద దిండు గలేబులు కుడుతున్న అమ్మ తల అడ్డంగా ఊపింది. "నాకు రాగమే వినిపించేది. మాటలన్నీ దిండులోకి పోయేవి."

*

సాయంత్రానికి తమ్ముడి జ్వరం దిగింది. వాచిన చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, చూడు. ఆశాకం ఎర్రగా ఉంది."

"ఆశాకం కాదురా, ఆకాశం. ఎన్నిసార్లు చెప్పా..."

"వాణ్ణి అంటావేంటే, అది నీ మాటే!" అంది లోపల్నుంచి అమ్మ. "చిన్నప్పుడు నువ్వూ ఆశాకమే అనేదానివి. ఎంత చెప్పినా తిరిగేది కాదు నాలిక."

"నా మాట వీడికెలా తెలుస్తుందమ్మా? వీడు పుట్టేసరికే నేను పెద్దదాన్ని."

అమ్మ కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. అమ్మ తలుపు దగ్గరికొచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ తమ్ముణ్ణి చూశారు.

పింజ వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పిట్టని పట్టుకోబోతున్నంత నెమ్మదిగా అడిగింది.

"నానమ్మ పాటలో ఆశాకం ఎలా వస్తుందిరా?"

వాడు 'ఇది కూడా తెలీదా' అన్నట్టు చూశాడు. మంచం మీంచి దుప్పటి లాగి, బాగున్న చేత్తో తల మీదికి కప్పుకున్నాడు. లోపల్నుంచి వాడి గొంతు వచ్చింది.

"ఆశాకమంతా దుప్పటి కప్పేను..."

ఎక్కడికో పోయిందనుకున్న నానమ్మ గొంతు పింజ చెవిలో మెల్లగా పలికింది. దూది వాసన వచ్చింది. నానమ్మ ఒడి వెచ్చగా తగిలింది. ఈ లైను తను ఎన్నోసార్లు విన్నది, సరిగ్గా నిద్రలోకి జారిపోయే అంచున. తన పేరున పాటలో ఒక మాట ఉందని తెలీకుండానే ఇన్నాళ్ళూ దాని కింద పడుకుంది.

"తర్వాత ఏముందిరా?"

దుప్పటి లోపల తల అడ్డంగా ఊగింది. వాడికీ తెలీదు. ఈ ఇంట్లో ఆ పాట చివర ఎవరూ వినలేదు.

దీపాలు పెట్టే వేళకి పింజ వాణ్ణి పక్కలో వేసుకుంది. అమ్మ అవతలి పక్కన చేరింది. పింజ గుసగుసగా పాడింది. మబ్బులు దూది ఏకాయి, డొగుడు కింద చినుకు కునికింది, పొగమంచం మీద కొండ వాలింది, ఆశాకమంతా దుప్పటి కప్పింది. ఈసారి వాడు నోరు మూయలేదు. కళ్ళు సగం మూసుకుని అడిగాడు.

"నానమ్మ పేరు వస్తుందా?"

"పేరా?" అంది పింజ. "పేరు రావడమేంటి?"

"పేరు. పొద్దున్న. లేచాక."

అమ్మకి అర్థమైంది. "పేరు కాదు నాన్నా, రేపు. రే... పు," అని దిద్దబోయింది. వాడు రేపుని తిరగేసి పేరు అంటున్నాడు.

పింజ అమ్మ చేతి మీద చెయ్యి వేసింది.

నానమ్మ రేపు రాదు. ఎల్లుండీ రాదు. అది పింజకి తెలుసు. అబద్ధం చెప్పడం ఇష్టం లేదు. కానీ వాడు అడిగింది రేపు కాదు కదా.

"వస్తుందిరా," అంది. "నానమ్మ పేరు వస్తుంది. పడుకో."

వాడు తృప్తిగా నిట్టూర్చి నిద్రలోకి వెళ్ళిపోయాడు. చీకట్లో అమ్మ పింజ తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

*

"పాట మార్చాలా? ఇప్పుడా?" అంది టీచర్. "కోరస్ అంతా నేర్చుకున్నారమ్మా. కీబోర్డు కూడా సెట్ చేశాను."

"అది నానమ్మ పాట కాదు టీచర్. నేను రాసింది. నానమ్మదని చెప్పాను." పింజ తల వంచుకుంది. "కీబోర్డు వద్దు టీచర్. గుసగుసగా పాడాలి. కోరస్ వాళ్ళు పడుకో బుజ్జీ పడుకో అంటే చాలు."

టీచర్ కీబోర్డు మూత మీద వేళ్ళతో కాసేపు తాళం వేసింది. "ఏదీ, వినిపించు," అంది.

పింజ వినిపించింది. ఏ మాట ఎవరిదో కూడా చెప్పింది. టీచర్ మూత తెరవలేదు.

క్లాసులోకి వెళ్ళగానే కళ్ళజోడు ఎదురొచ్చాడు. "మళ్ళీ డొగుడేనా?"

"మళ్ళీ డొగుడే. అది మా నాన్నది," అంది పింజ. ఈసారి ఆమె మొహం ఎర్రబడలేదు.

వాడు అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చాడు. "నేను చెప్పుల్ని పెచ్చులు అనేవాణ్ణట. మా అమ్మ చెప్పింది. ఎవరికైనా చెప్పావో..."

"చెప్పనులే."

పెద్దవాళ్ళ దినం రోజున హాలు నిండిపోయింది. అత్త సెలవు పెట్టి వచ్చింది. నాన్న మీసం మీద ఇంకా దూది ఉంది. తమ్ముడు అమ్మ ఒళ్ళో ఆవులిస్తున్నాడు. పింజ మైకు దగ్గరికి వెళ్ళి, ముందుగా, ఎవరూ చెప్పమనకుండానే, నానమ్మ పేరు పూర్తిగా చెప్పింది. ఆ పేరు స్పీకర్లలోంచి వెళ్ళి, చివరి గోడ దాకా వెళ్ళి, తిరిగి వచ్చింది.

అప్పుడు మొదలుపెట్టింది. డొగుడు దగ్గర నవ్వులు వచ్చాయి. పింజ నవ్వులన్నీ అయ్యేదాకా ఆగింది. తనూ కాస్త నవ్వింది. పొగమంచం దగ్గర ఎవరో "అబ్బ!" అన్నారు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆశాకం దుప్పటి కప్పేసరికి హాల్లో కుర్చీల చప్పుడు కూడా లేదు. వెనక వరసలో కళ్ళజోడు అందరికన్నా మెల్లగా "పడుకో బుజ్జీ పడుకో" అంటున్నాడు.

ఒక లైను మిగిలింది. దాన్ని ఎవరూ ఎప్పుడూ వినలేదు. తమ్ముడి మాట పెట్టి పింజే కట్టింది.

"పేరు వచ్చి నిన్ను లేపేను, పడుకో బుజ్జీ పడుకో..."

"పేరు కాదేమో, రేపు అనాలేమో," అని ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో గొణిగింది.

పింజకి వినిపించింది. ఆమె ఆ మాట దిద్దలేదు. అదే లైను ఇంకోసారి పాడింది.